టైరు లోపలి వైపు రెండు గాట్లు

ఇన్నేళ్ళూ ఇది రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. నవ్వకండి. తల సగానికి పైగా నెరిసిన తర్వాత అక్షరాలు దిద్దుకున్న మనిషిని నేను. అంతకు ముందు ఏదైనా రాయాలంటే ఎవరినో ఒకరిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, నోటితో చెప్పాల్సి వచ్చేది. ఈ సంగతి అలా చెప్పి రాయించుకునేది కాదు. నేను చెప్పింది చెప్పినట్టే రాశారో, ఇంకేమైనా కలిపారో నాకెలా తెలుస్తుంది? రాసి లేచిపోయిన మనిషి వీధి మలుపులో ఎవరితో ఏమంటారో ఎలా తెలుస్తుంది? అది నా అనుమానం. ఇదంతా నా అనుమానాల గురించే కాబట్టి ముందే మీకు చెప్పేస్తున్నాను.

రెండో కారణం కూడా ఉంది. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. ఒత్తులు ఇంకా కుదరలేదు అనుకున్నాను. ఒత్తులు కుదిరాక కళ్ళద్దాలు మార్చుకోవాలి అనుకున్నాను. కళ్ళద్దాలు వచ్చాక ఇక చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు. భయం ఒక్కటే మిగిలింది.

ఒక మనిషి మంచి పేరు నా వల్ల పోయింది. పోయింది నా వల్లనేనని నాకొక్కదానికే తెలుసు. నెత్తిన గంప ఉంటే ఎదురొచ్చిన వాళ్ళని ఆపి, కాస్త దించమని అడగొచ్చు. దీన్ని దించమని ఎవరిని అడగను?

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. ఇందులో ఉన్నవాళ్ళ పేర్లు మార్చాను.

మాది పుంగనూరు దాటాక లోపలికి ఉండే మెట్ట పల్లె. మేకల ఇల్లు. నా భర్త పోయాక మందను తిప్పే దిక్కు లేక, మేకలన్నిటినీ అమ్మేసి పాత పికప్ బండి ఒకటి కొన్నాను. పొలాల దగ్గర టమోటా బాక్సులు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్‌లో దించడం దాని పని. ఇటు టమోటా కాయ తగ్గినప్పుడు కుప్పం వైపు పోయి, రామకుప్పం దగ్గర అడవి అంచు పల్లెల్లో కూరగాయలు ఎత్తేది. బండి నాది. తోలేవాడు దేవదానం. పుంగనూరులో చర్చి పక్క వీధిలో కాపురం. నాకంటే చిన్నవాడు. అక్కా అని పిలిచేవాడు. బండిని ఆపిన చోటల్లా దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తట్టి చూసేవాడు. మా ఆయన మేకల డొక్కలు తట్టి చూసినట్టే.

ఆ పొలాల దారులు మీరు చూసి ఉండరు. దారి అని పేరే గానీ సగం దూరం ఎండిన వాగు వంకలో పోవాలి. మిగతా సగం కత్తుల్లాంటి రాళ్ళు, తుమ్మ ముళ్ళు. మామూలు రోడ్డు టైర్లు వాటి మీద ఒక సీజను కూడా ఆగేవి కావు. మాటిమాటికి పంక్చర్లు. కాయ ఎండలో ఉడికిపోయేది. ఈ దారులకు ఇవి పనికిరావు, రాళ్ళకనీ బురదకనీ చేసిన టైర్లు వేరే ఉంటాయి, ఒక్కసారి అవి వేయించుకుంటే చాలా కాలం చూసుకోనక్కర్లేదని దేవదానం చెప్పి చెప్పి, చివరికి నన్ను మదనపల్లెలో ఒక టైర్ల షాపుకు తీసుకుపోయాడు.

అక్కడ అతను గొంతుకూర్చుని ఒక్కో టైరునూ తడిమాడు.

"ఈ గ్రిప్పు సూడక్కా. నీ యేలు సగం దాకా దిగతాది. సందులు ఎడంగా ఉండాయి, రాయి ఇరుక్కోదు. బురదైనా దానంతటదే రాలిపోతాది. సైడు కూడా మందం. రోడ్డు మీద పోయేటప్పుడు కొంచెం సప్పుడొస్తాది, అంతే."

షాపాయన ధర చెప్పాడు.

"అంత పెట్టి కొంటే బీరువాలో పెట్టి తాళమేసుకోవాల్నేమో," అన్నాను.

"బీరువాలో పెడితే ఇంకా శానా దినాలొస్తాయి లేమ్మా," అని షాపాయన నవ్వాడు.

"నవ్వులాట కాదక్కా," అన్నాడు దేవదానం. "అప్పుడప్పుడు ముందరివి ఎనక్కి, ఎనకటివి ముందరికి మార్సుకుంటా ఉంటే ఒకే పక్క అరిగిపోవు. మనం పట్టించుకునే దాంట్లో ఉండాది."

ఆ ముందువీ వెనకవీ మార్చుకునే మాట చెవిన పడింది గానీ మనసులోకి పోలేదు. నా చూపంతా షాపాయన ముఖం మీదే ఉంది. ఆయన దేవదానం భుజం మీద చెయ్యి వేసి లోపలి గదిలోకి తీసుకుపోయాడు. నాకు టీ బయటికే వచ్చింది. ఇద్దరూ లోపలి నుంచి నవ్వుకుంటూ వచ్చారు. ఏమిటా నవ్వు? నన్ను చూసేనా? లోపల అతని చేతిలో ఏం పెట్టాడు? డ్రైవర్‌కు ఏదో ఒకటి ముట్టజెప్పకుండా ఏ షాపువాడూ టైరు అమ్మడని మా అన్న గంగులప్ప ఎప్పుడో అన్న మాట అప్పుడే గుర్తుకు రావాలా?

అక్షరం రాని మనిషి బస్సు బోర్డు దగ్గర నుంచి మందు బిళ్ళ దాకా అన్నిటికీ ఎవరినో ఒకరిని నమ్మాలి. అలా నమ్మక తప్పని బతుకులో మనిషికి నమ్మకం పెరుగుతుందని మీరనుకుంటారేమో. పెరగదు. నాకు పెరిగింది అనుమానం. కాటాలో తూకం చెప్పినవాడు ఎంత మింగాడో అనుకుంటూనే సరేనని తల ఊపేదాన్ని. దేవదానం అలాంటివాడని నాకు రుజువేమీ లేదు. అంతవరకు ఒక్క తప్పు కూడా చూడలేదు. చూడకపోవడమే నాకు గుచ్చుకునేది. ఇంత శుభ్రంగా ఎలా ఉంటాడు?

ఇంటికొచ్చేటప్పటికి ఆ అనుమానం ఇంకొంచెం ముందుకు పోయింది. ఈ మంచి టైర్లు ఏ కుప్పంలోనో విప్పి అమ్ముకుని, వాటి చోట పాతవి బిగిస్తే నాకెలా తెలుస్తుంది? అన్నీ నల్లగానే, గుండ్రంగానే ఉంటాయి. వాటి మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నాకు తెలుగే రాదు.

నాకు తెలిసిన గుర్తు ఒక్కటే. మేకల ఇళ్ళలో చెవికి గాటు పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. మందలు కలిసిపోయినా, ఎవరైనా తోలుకుపోయినా, చెవి పట్టుకుని చూస్తే మేక ఎవరిదో తేలిపోతుంది. మా ఇంటి గుర్తు ఎడమ చెవి కింది అంచున రెండు గాట్లు. నా భర్త పెట్టేవాడు. ఆయన పోయాక నేనే పెట్టాను. నా చేతికి వచ్చిన రాత అది.

ఒక ఆదివారం, దేవదానం చర్చికి పోయి ఉన్న వేళ, ఆ గాట్లు పెట్టే కత్తి తీసుకుని, ఇంటి ముందున్న బండి కింద దూరాను. బయటి వైపు పెడితే చూస్తాడు. అందుకని లోపలి వైపు, సైడు మీద, ఒక్కో టైరుకు రెండేసి గాట్లు పెట్టాను. రబ్బరు చెవిలా మెత్తగా తెగలేదు. వెల్లకిలా పడుకుని, మట్టి కళ్ళల్లో పడుతుంటే, పైపైన గీసుకుంటూ వచ్చాను. చివరిది వెనక ఎడమ టైరు. అప్పటికి నాకు విసుగొచ్చింది. వీధిలో ఎవరో మాట్లాడుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. గబగబా నొక్కాను. కత్తి జారి లోతుగా దిగింది. తెగిన చోట తెల్లని దారాలు కనిపించాయి.

ఆ దారాలు చూసి నేనేమనుకున్నానో నిజం చెప్పాలి. లోపల గుడ్డ వేసి కుట్టారన్నమాట అనుకున్నాను. ఇంత డబ్బు తీసుకుని లోపల గుడ్డా, ఇందులో కూడా మోసమే అనుకున్నాను. ఆ దారాలే టైరుకు బలమని, సైడు తెగితే టైరు పని అయిపోయినట్టేనని నాకు తెలియదు. తడి మట్టి తీసి గాటులో పూసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి పోయాను.

తెలియక చేశానని చెప్పుకోవచ్చా? అంతవరకు చెప్పుకోవచ్చేమో. ఆ తర్వాతది చెప్పుకోలేను.

కొన్నాళ్ళకు, అతను అన్నం తింటున్నప్పుడు, కింద పడినదేదో వెతుకుతున్నట్టు వంగి వెనక ఎడమ టైరు చూశాను. గాట్లు ఉన్నాయి. కానీ పైపై గాట్లు. నేను లోతుగా దింపిన గాటు అక్కడ లేదు. టైరు మార్చేశాడు. మార్చడమే కాదు, నా గుర్తు కనిపెట్టి అచ్చం అలాంటిదే ఇంకో దాని మీద గీశాడు. చూశారా, నా అనుమానం ఎంత దూరం పోయిందో? ముందు టైరు కూడా వంగి చూడాలని తోచలేదు. నాలుగడుగుల దూరంలో తింటున్న మనిషిని అడగాలనీ తోచలేదు. ఒక్క మాట అడిగి ఉంటే, "ముందరికి మార్సినానక్కా, షాపులో చెప్తి గదా," అనేవాడు. అడిగితే జాగ్రత్త పడతాడని అడగలేదు. చేతికి చిక్కేదాకా ఆగుదామనుకున్నాను. మజ్జిగ ఇంకొంచెం పోశాను కూడా.

ఆ వారంలోనే, రామకుప్పం దగ్గర, లోడుతో దిగుతుంటే ముందు ఎడమ టైరు పేలింది. బండి వంకలోకి ఒరిగి పడింది. బయటికి పడిన దేవదానం కుడి చెయ్యి బాక్సుల కింద నలిగిపోయింది. కబురు అందే సరికే అతన్ని మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోతున్నారు. నేనూ గంగులప్పా బండి దగ్గరకు పోయాము. టమోటా కాయంతా పగిలి వంకలో ఎర్రగా పడి ఉంది. అడవిలో ఏనుగులు వాసన పట్టకముందే ఇదంతా తీసేయండని ఆ ఊరివాళ్ళు తొందర పెడుతున్నారు. అన్న వాళ్ళతో మాట్లాడుతుంటే నేను బండి అవతలికి పోయాను.

పేలిన టైరు లోపలి వైపు పైకి తిరిగి ఉంది. చీలిక నా గాటు దగ్గర మొదలై అటూ ఇటూ పోయింది. తెల్లని దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. నేను లోతుగా దింపిన గాటే. అతను అమ్మలేదు. ఏదీ అమ్మలేదు. వెనకదాన్ని ముందుకు మార్చాడంతే, ఎక్కువ కాలం రావాలని. నా టైర్లను కాపాడాలని చేసిన పని నా కత్తి గాటును తీసుకుపోయి అతని కాళ్ళ ముందర పెట్టింది.

నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. ఈ మాట మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చేసినదంతా తెలిసి చేసిందే.

ఆస్పత్రిలో మంచం చుట్టూ మార్కెట్ డ్రైవర్లు కొందరు నిలబడి ఉన్నారు. దేవదానం భార్య సుగుణ తల దగ్గర కూర్చుని ఉంది. గంగులప్ప పోతూనే అందుకున్నాడు.

"కొత్త టైరు ఎట్లా పేల్తాదప్పా? యాడ్నో పనికిమాలిన సరుకు తెచ్చి కట్టినావు. షాపోడు నీకెంత ఇచ్చినాడు?"

"అన్నా, నేనట్లా చేసే మనిషిని కాదు," అన్నాడు దేవదానం.

"అందరూ ఇట్లానే అంటారు లేబ్బా. ఎందుకు పేలిందో నువ్వే చెప్పు మరి."

దేవదానం నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు ఆడనే ఉండావు గదా. నీ ముందరే కొన్న్యాము. నువ్వు చెప్పు. నేను తిన్నానా?"

అందరూ నన్ను చూశారు. సుగుణ కూడా చూసింది.

"నాకేం తెలుస్తాదప్పా," అన్నాను. "నాకు సదువు రాదు గదా. నువ్వు మంచిదంటే మంచిదనుకొంటి."

అంతే. ఇంతకంటే నేనేమీ అనలేదు. అతను తిన్నాడని అనలేదు. చాలా ఏళ్ళు ఆ అనకపోవడాన్నే పట్టుకుని వేలాడాను. నేను అబద్ధం ఆడలేదు కదా? చదువు రాదన్నది నిజమే కదా? కానీ ఆ మాటకు మంచం చుట్టూ నిలబడినవాళ్ళ ముఖాల్లో ఏం మారిందో నేను చూశాను. మారాలనే అన్నాను. చదువు రాని విధవను డ్రైవర్ మోసం చేశాడని వాళ్ళ మనసుల్లో పడింది. దేవదానం గోడ వైపు తిరిగాడు.

ఆ టైరును ఇటుక బట్టీకి పంపేశాను, మంటలో వేసుకోమని. బండి బాగు చేయించి, దాని చోట ఇంకోటి వేయించి, మిగిలిన మూడింటి మీదే ఇంకొక డ్రైవర్ చేత తోలించాను. వాటికీ గాట్లున్నాయని తెలుసు. తీసేస్తే ఎందుకు తీస్తున్నావని అడుగుతారు. అందుకని తీయలేదు. ఆ డ్రైవర్ లోడుతో పోయిన ప్రతిసారీ తిరిగొచ్చేదాకా నాకు నీళ్ళు కూడా దిగేవి కావు. ఏమీ కాలేదు. దేవదానం చెప్పినట్టే ఆ మూడూ చాలా కాలం వచ్చాయి. ఏమీ కాకపోయినంత మాత్రాన అది తప్పు కాకుండా పోతుందా?

దేవదానం మోచెయ్యి మళ్ళీ సాగలేదు. అయినా చిన్న బండి ఏదైనా తోలగలిగేవాడే. కమీషన్ టైరు దేవదానం అన్న పేరు మార్కెట్ అంతా పాకిపోయింది. ఎవరూ బండి తాళం అతని చేతికి ఇవ్వలేదు. చివరికి మదనపల్లెలో ఒక టమోటా మండీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఒకప్పుడు తను తోలిన బండిలాంటి బండ్లకే గేటు తీసి, గేటు వేస్తాడు.

వయసు మీద పడ్డాక నేను బండి అమ్మేసి పుంగనూరు చేరాను. సుగుణ చర్చి హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతోందని అక్కడ తెలిసింది. చదువు మీద ఆశతో పోయాననుకుంటున్నారా? కాదు. ఆమెకు ఏమైనా తెలుసేమో కనుక్కుందామని పోయాను. ఆమె నన్ను చూసి ఒక్క నిమిషం ఆగింది. తర్వాత పలక ఇచ్చింది. "కూసోక్కా. మొదట నీ పేరు రాద్దాం," అంది. నా పేరే ఎందుకు? అందరికీ అలాగే మొదలుపెడుతుందని తర్వాత చూశాను గానీ, ఆ రోజు బలపం పట్టుకోకుండా ఆమె ముఖమే చూశాను. నా చేతిని తన చేతిలోకి తీసుకుని దిద్దించింది. ఆ చెయ్యి అంత మెత్తగా ఎందుకుంది? తెలిసి ఊరుకుందా? తెలియకనా? ఒకసారి, "మా ఆయన నిన్ను అడిగినాడక్కా, బాగుండావా అని," అంది. ఆ మాటను వారమంతా తిప్పి తిప్పి చూసుకున్నాను. అందులో ఏమీ దాగి లేదు. దాగి లేకపోవడమే భరించలేకపోయాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ షాపు లోపలి గదిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుని నవ్వారో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇంత జరిగాక కూడా. నా బుద్ధి అలాంటిది. అది పోయిందని మీకు అబద్ధం చెప్పను.

కన్నీళ్ళు పెట్టుకుని రాశాననుకోకండి. ఒత్తులు చూసుకుంటూ, తప్పులు కొట్టేసుకుంటూ, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా రాశాను. రాసిందంతా ఒకసారి పైకి చదువుకున్నాను. నా గొంతుతో ఆ మాటలు వినడం అదే మొదలు. వినగలిగాను.

ఇది ఈ రోజు రాస్తున్నాను. పైదంతా నిన్నటిది.

పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె పోయాను. దేవదానం గేటు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవొద్దన్నాను. కాగితాలు తీసుకుపోలేదు. నిలబడే చెప్పాను. కత్తి, ఆదివారం, గాట్లు, దారాలు, ఇటుక బట్టీ. ఆస్పత్రిలో నేనన్న మాట కూడా చెప్పాను. మధ్యలో ఒక బండి వస్తే లేచి గేటు తీసి, మళ్ళీ వేసి వచ్చి కూర్చున్నాడు. నేను మిగతాది చెప్పాను.

అతను సాగని మోచెయ్యిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పొద్దున నేను టైర్లకు గాలి సరింగా సూసినానా లేదా అని," అన్నాడు. "ఇన్నేండ్లూ అదే అనుకొంటా ఉండాను. నేనే ఎక్కువ కొట్టించినానేమో అని."

"నువ్వు సరింగానే సూసింటావప్పా," అన్నాను.

అతను నా ముఖం చూడలేదు. రోడ్డు అవతల టీ అంగడి వైపు చెయ్యి చూపించాడు. బండ్ల పక్కన డ్రైవర్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఆ రోజు మంచం పక్కన నిలబడినవాళ్ళు ఇద్దరిని నేను గుర్తుపట్టాను.

"నాకు చెప్తే ఏమొస్తాదక్కా," అన్నాడు. "అదో, ఆడుండారు. వాళ్ళకు చెప్పు."

నేను రోడ్డు దాటి పోయాను. వాళ్ళు నాకు చోటిస్తూ బెంచీ మీద జరిగారు. నేను కూర్చోలేదు. నా పేరు చెప్పి, మొదటి నుంచి చెప్పాను.